కౌంట్ తక్కువ వచ్చింది, చిన్నప్పటి నుంచి కొట్టిన పత్తి మందులే కారణమా?

పరకాల_పత్తి
పెళ్లయి మూడేళ్లు దాటింది, పిల్లలు లేరు. ఇన్నాళ్లు మా ఆమెనే హన్మకొండలో ఆస్పత్రుల చుట్టూ తిప్పినం. స్కానింగులు, థైరాయిడ్, ట్యూబుల ఎక్స్‌రే, అన్నీ నార్మల్. ఈ మధ్య డాక్టరమ్మ కొంచెం గట్టిగానే అడిగింది, భర్తకు ఒక్క పరీక్ష కూడా ఎందుకు చేయించలేదని. చేయించుకున్న. వీర్యంలో శుక్రకణాలు మిల్లీలీటరుకు 9 మిలియన్లు, వాటి కదలిక 24 శాతం. కాగితం మీద ఎర్ర పెన్నుతో గీత గీసి ఇచ్చారు.

మాది పత్తి, మిర్చి వేసే ఇల్లు. తొమ్మిదో తరగతి నుంచి బాపుతో పాటు మందు కొట్టిన. మూతికి తువ్వాల, కింద నిక్కరు, అంతే. వీపు మీది పంపు కారి నడుము నుంచి తొడల దాకా తడిసేది. ఎండోసల్ఫాన్, మోనో (మోనోక్రోటోఫాస్), ఇంకా పేర్లు గుర్తులేనివి ఎన్నో, షాపాయన ఏది ఇస్తే అది. ఇప్పుడు వ్యవసాయం వదిలేసి వరంగల్‌లో ఫొటో ఫ్రేముల షాపు పెట్టుకున్న.

ఆ మందు ఇంకా నా ఒంట్లో ఉందా? రక్తంలో చూసే టెస్టు ఏమన్నా ఉందా? ఒకాయన ఒంట్లో విషాలు కడిగేసే ప్యాకేజీ అని 18 వేలు చెప్తున్నడు, 40 రోజుల కోర్సు అట. చేయించుకోవాలా వద్దా? ఇంట్లో మాత్రం మా అమ్మ దృష్టిలో లోపం ఇంకా కోడలిదే.

చాయ్‌బండి_కాజీపేట
ముందు ఆ ప్యాకేజీవాడి నంబర్ బ్లాక్ చెయ్ తమ్మీ. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

ఎరువుల_షాపు
నాది పురుగుమందుల షాపే. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ వాసనలోనే కూర్చుంటా. ముగ్గురు పిల్లలు. ఊళ్లో ప్రతి రైతూ మందు కొట్టినోడే, అందరికీ సంతానం లేకుండా పోయిందా? ఏదైనా జరిగితే మందుల మీద పడుడు ఫ్యాషనైంది. రాత్రంతా ఫోన్, పగలంతా బైకు, తినేది బిర్యానీ, అవి ఎవరూ అడగరు.

నర్సంపేట_మిర్చి
అన్నా, నువ్వు మూత తీయకుండా సీసా అమ్ముతవ్. మేం మూత తీసి, కలిపి, వీపున మోసుకొని, ఎదురుగాలిలో కొడతం. నీ వాసనా మా తడుపూ ఒకటేనా?

బొగ్గుబాయి_గోదారిఖని
నేను బాయి లోపల పనిచేస్తా. వేడి, దుమ్ము, రాత్రి షిఫ్టు, అన్నీ ఉన్నయి. ఇద్దరు కవలలు. కాబట్టి బొగ్గు దుమ్ము మంచిదే అని పేపర్లో వేయించమంటరా?

ల్యాబ్_హన్మకొండ
పత్తి తమ్ముడూ, మందుల సంగతి పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పు. శాంపిల్ ఇచ్చే ముందు ఎన్ని రోజులు ఆగినవ్? శాంపిల్ ల్యాబులోనే ఇచ్చినవా, ఇంటి నుంచి తెచ్చినవా? గత మూడు నెలల్లో గట్టి జ్వరం ఏమన్నా వచ్చిందా? ఎడమ పక్క వృషణం దగ్గర బరువుగా, పురుగులు ముద్దకట్టినట్టు తగులుతుందా?

ఎందుకంటే రోజూ ఈ రిపోర్టులు చూస్తా, సగం మంది శాంపిలే సరిగ్గా ఇయ్యరు. రెండు నుంచి ఏడు రోజుల విరామం ఉండాలి. రెండుకు తక్కువైతే కౌంట్ తగ్గుతది, ఏడు దాటితే కదలిక పడిపోతది. బయట నుంచి తెస్తే గంటలోపు, వీలైతే అరగంటలోపు ల్యాబుకు చేరాలి, అదీ ఒంటి వెచ్చదనంలోనే. చలికాలం పొద్దున బైకు డిక్కీలో వేసుకొని వస్తే సగం ఆగిపోయి కనబడతయి.

ఇంకోటి, ఒక్క రిపోర్టు మీద తీర్పు చెప్పొద్దు. ఒకే మనిషికి నెల తేడాతో చేస్తే రెండింతలు తేడా రావడం మేం చూస్తూనే ఉంటం.

పరకాల_పత్తి
ఇంటి నుంచే తెచ్చిన అన్నా. ల్యాబులో ఆ రూం చూస్తే మనసొప్పలేదు. పరకాల నుంచి బస్సు, తర్వాత ఆటో. గంటన్నర పట్టి ఉంటది. వినాయక చవితి తర్వాత డెంగీ వచ్చింది, వారం రోజులు 103 జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయి అడ్మిట్ అయిన. పరీక్ష దసరా అయిపోయినంక ఇచ్చిన. నాలుగో ప్రశ్న సంగతి తెలియదు, ఎప్పుడూ చూసుకోలే.

ల్యాబ్_హన్మకొండ
అయిపాయె. ఆ రిపోర్టును ఫ్రేము కట్టి గోడకు కొట్టుకో, షాపు నీదేగా. దాని మీద మందు రాస్తే తప్పు.

శుక్రకణం తయారవ్వడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. ఆ మీద బయటికి వచ్చే దారిలో ఇంకో వారం పది రోజులు. అంటే నువ్వు ఇవాళ ఇచ్చేది దాదాపు మూడు నెలల కింద మొదలైన సరుకు. మధ్యలో 103 జ్వరం తగిలితే కౌంట్ పడిపోవడం మామూలు. డెంగీ ఒక్కటే కాదు, ఏ గట్టి జ్వరమైనా అంతే. జ్వరం తగ్గిన మూడు నెలల తర్వాత, సరైన విరామంతో, ల్యాబులోనే ఇచ్చి చూడు. అంతవరకు 9 అనే అంకెను నమ్మకు.

మానుకోట_అక్క
అందరూ తమ్ముణ్ణి ఓదారుస్తున్నారు, నాకు మాత్రం మొదటి లైను దగ్గరే కోపం వచ్చింది. మూడేళ్లు ఆమెను తిప్పినం అని ఎంత తేలిగ్గా రాసినవ్. ట్యూబుల ఎక్స్‌రే ఎట్లుంటదో తెలుసా? నొప్పికి కళ్లలో నీళ్లొస్తయి. నాకు రెండుసార్లు చేసిన్రు. మా ఆయనకు ఒక చిన్న డబ్బాలో శాంపిల్ ఇయ్యడానికి నామోషీ. ఏళ్ల తర్వాత ఇస్తే తేలింది ఆయనకు వేరికోసిల్, అంటే వృషణం దగ్గర రక్తనాళాలు ఉబ్బుడు అని. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగాయన వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటది. ముందు ఖర్చు తక్కువైన పరీక్ష చేయాలా, నొప్పి పరీక్ష చేయాలా? చేసుకో, ఆమెకు చెప్పు, మీ అమ్మకు కూడా నీ నోటితోనే చెప్పు.

పరకాల_పత్తి
నిజమే అక్కా. ఆమె ఒక్క మాట అనలే ఇన్నాళ్లు.

నిట్_లెక్కలు
టాపిక్ మందుల గురించి కాబట్టి నాకు తెలిసిన లెక్కలు రాస్తున్నా, పొడుగు ఉంటుంది.

ప్రపంచంలో మగవాళ్ల కౌంట్ తగ్గుతోందా అనే గొడవ 1992లో పెద్దదైంది. డెన్మార్క్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి 1940లో సగటు మిల్లీలీటరుకు 113 మిలియన్లు ఉంటే 1990కి 66 అయిందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. 2017లో హగాయ్ లెవిన్, షానా స్వాన్ బృందం 185 అధ్యయనాలు కలిపి, ఉత్తర అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మగవాళ్లలో 1973 నుంచి 2011 మధ్య 52 శాతం తగ్గిందన్నారు. మన దగ్గర సంగతేంటని అందరూ అడిగారు. 2022లో ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా డేటా కూడా కలిపి మళ్లీ వేస్తే 1973లో 101 ఉన్నది 2018కి 49 అని వచ్చింది.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. పాత రోజుల్లో లెక్కపెట్టే పద్ధతి వేరు, శాంపిల్ ఇవ్వడానికి ముందుకొచ్చే మనుషులు వేరు. అదే డెన్మార్క్‌లో సైన్యం పరీక్షకు వచ్చిన కుర్రాళ్లను 1996 నుంచి 15 ఏళ్లు ఒకే పద్ధతిలో చూస్తే తగ్గలేదు సరికదా, కొద్దిగా పెరిగింది. తగ్గిందని ఒప్పుకున్నా కారణం ప్లాస్టిక్కా, పురుగుమందా, ఊబకాయమా, పొగా అన్నది ఈ లెక్క చెప్పదు. ఎంత తగ్గిందో చెబుతుంది, అంతే.

ఇంకోటి, రిపోర్టు మీద కింద ఉండే 16 మిలియన్లు అనే అంకె ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్లను వరుసలో నిలబెడితే కింది నుంచి 5 శాతం దగ్గర ఉన్న అంకె అది. దాని కింద ఉంటే పిల్లలు పుట్టరని ఎక్కడా లేదు. కష్టం పెరుగుతుంది, ఆలస్యం అవుతుంది.

చాయ్‌బండి_కాజీపేట
101 నుంచి 49 అంటే సగం ధరకే దింపిన్రు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రేటు లెక్క.

ఎరువుల_షాపు
చూసిన్రా, చదువుకున్న పిల్లగాడే చెప్తున్నడు మందులే అని రుజువు లేదని.

రిటైర్డ్_ఏవో
ఆయన అలా అనలేదు షాపు గారూ. ప్రపంచం మొత్తం సగటు ఎందుకు తగ్గిందన్నది వేరు, ఒక మందు ఒక మనిషి వృషణాన్ని పాడుచేస్తుందా అన్నది వేరు. రెండోదానికి రుజువు ఎప్పుడో వచ్చింది.

డీబీసీపీ అని నేలలో నులిపురుగుల మందు ఉండేది. 1977లో కాలిఫోర్నియాలో లాత్రాప్ అనే ఊళ్లో దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికులు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటూ గమనించారు, ఇక్కడ చేరినోళ్లకు ఎవరికీ పిల్లలు పుట్టడం లేదని. పరీక్ష చేస్తే చాలామందికి కౌంట్ తక్కువ, కొందరికి అసలు సున్నా. కడుపు మండే సంగతి ఏంటంటే, ఎలుకల్లో వృషణాలు ముడుచుకుపోతున్నాయని 1961లోనే అచ్చయింది. పదహారేళ్లు ఎవరూ ఆపలేదు. 1979లో అమెరికాలో చాలావరకు నిషేధించారు, హవాయి అనాస తోటలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మధ్య అమెరికా అరటి తోటల్లో కొట్టిన కూలీలు వేల సంఖ్యలో కోర్టుకెక్కారు.

మన దేశంలో కాసరగోడ్ గురించి వినే ఉంటారు. జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ ఏళ్ల తరబడి చల్లారు. 2003లో వచ్చిన అధ్యయనంలో అక్కడి 117 మంది మగపిల్లలను, మందు తగలని ఊరి 90 మందితో పోల్చారు. వయసుకు రావడం ఆలస్యమైంది, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంది. సుప్రీంకోర్టు 2011 మేలో ఆపేసింది. అప్పటిదాకా మన వరంగల్ పత్తిలో అది నీళ్లలాగా వాడాం. వ్యవసాయ అధికారిగా నేను సిఫారసు చేసిన రోజులు కూడా ఉన్నాయి, పుస్తకంలో అలాగే ఉండేది.

పంపు కారి తొడలు తడిసేవని పత్తి బాబు రాసింది ఎవరూ పట్టించుకోలేదు. చర్మం అంతటా ఒకేలా ఉండదు. పారాథియాన్‌తో మనుషుల మీద చేసిన పాత ప్రయోగాల్లో ముంజేతి చర్మం పదో వంతు కూడా పీల్చుకోలేదు, వృషణాల సంచి చర్మం దాదాపు మొత్తం పీల్చుకుంది. మనవాళ్లు జాగ్రత్త పేరుతో మూతికి గుడ్డ కట్టుకుంటారు, నిక్కరు మాత్రం తడిసి రోజంతా ఒంటికి అంటుకొని ఉంటుంది.

నిట్_లెక్కలు
సార్ చెప్పింది ఒప్పుకుంటా కానీ డీబీసీపీని చూపించి 'మందులు' అని అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు. అది అన్నింట్లోకీ దారుణమైన కేసు.

రిటైర్డ్_ఏవో
కట్టడం లేదు. కానీ మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుల మీద కూడా 2023లో 25 అధ్యయనాలు కలిపిన సమీక్ష వచ్చింది. ఎక్కువగా తగిలినవాళ్లలో కౌంట్ తక్కువగా ఉందనే తేలింది. దెబ్బ డీబీసీపీ అంత పెద్దది కాదు. అలాగని లేదని కాదు.

బ్యాటరీ_పని
నేను పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే దగ్గర పనిచేసిన. ఇక్కడ అందరూ పత్తి పత్తి అంటున్నరు, మా సంగతి ఎవరూ అడగరు. కడుపునొప్పి, చేతులు వణుకుడు ఉంటే డాక్టర్ రక్తంలో సీసం చూడమన్నడు. డెసీలీటరుకు 50 మైక్రోగ్రాములు దాటింది. ఆయన చెప్పింది ఏంటంటే 40 దాటితే వీర్యం మీద కూడా పడుద్దని. పని మానేసి మెల్లగా తగ్గించుకున్న. తర్వాత బాబు పుట్టిండు. ముందు ఉన్న ఓనర్ సబ్బు కూడా పెట్టేవాడు కాదు, ఆ చేతులతోనే బువ్వ తినేది, ఆ బట్టలతోనే ఇంటికి పోయేది.

ఫార్మసీ_కేయూ
బ్యాటరీ అన్న కేసు చాలా ముఖ్యం, ఎందుకంటే అడిగినాయన అసలు ప్రశ్న అదే: ఒంట్లో ఇంకా ఉందా? అన్ని విషాలూ ఒకేలా ఉండవు.

సీసం రక్తంలో సగం అవ్వడానికి నెల దాకా పడుతుంది, ఎముకల్లోకి పోయింది మాత్రం దశాబ్దాలు ఉంటుంది. దీనికి రక్త పరీక్ష ఉంది, నమ్మదగినది. డీడీటీ కొవ్వులో ఏళ్లు ఉంటుంది. నాన్‌స్టిక్ పెనాల దగ్గర పేరు వినే పీఎఫ్ఏఎస్ రకాలు కూడా ఏళ్లే. మోనో, క్లోర్‌పైరిఫాస్ లాంటివాటిని కాలేయం విరగ్గొట్టి మూత్రంలో కొద్ది రోజుల్లోనే పంపించేస్తుంది. ఎండోసల్ఫాన్ ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది, కానీ పదేళ్ల కింద కొట్టింది ఇప్పుడు కడగాల్సినంత మిగలదు. ప్లాస్టిక్‌లోని బిస్ఫినాల్-ఏ, థాలేట్లు ఒక రోజులో చాలావరకు మూత్రంలో పోతాయి, కాకపోతే మర్నాడు చాయ్‌తో మళ్లీ వస్తాయి.

మందు తాగిన కేసుల్లో రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ చూస్తారు. అది ఈ మధ్య తగిలిందా అనే చెబుతుంది, బడి రోజుల్లో కొట్టిన దాని గురించి ఏమీ చెప్పదు. అంటే పత్తి అన్నకు ఉపయోగపడే విషపరీక్ష ఏదీ లేదు. కడిగేయడానికి మిగిలింది కూడా లేదు. 18 వేలకు వాళ్లు కడిగేది జేబు. సీసం ఒంట్లో ఎక్కువుంటే తీసేసే మందులు నిజంగానే ఉన్నాయి, అవి ఆస్పత్రిలో డాక్టర్ పర్యవేక్షణలోనే ఇస్తారు, పొట్లాల్లో కాదు.

పరకాల_పత్తి
అంటే మందు ప్రభావం లేనట్టేనా?

ఫార్మసీ_కేయూ
మందు పోవడం వేరు, చేసిన దెబ్బ వేరు. వృషణంలో శుక్రకణాలను పుట్టించే మూలకణాలు ఉంటాయి. జ్వరం, వేడి లాంటివి పైన తయారవుతున్న సరుకును పాడుచేస్తాయి, మూలకణాలు మిగులుతాయి కాబట్టి మూడు నెలల్లో మళ్లీ వస్తుంది. డీబీసీపీ మూలకణాలనే చంపింది, అందుకే కౌంట్ సున్నా అయినవాళ్లలో చాలామందికి తిరిగి రాలేదు. నీకు 9 ఉంది, అదీ డెంగీ తర్వాత, గంటన్నర ప్రయాణం చేసిన శాంపిల్‌లో. మూలకణాలు ఉన్నాయన్నమాట.

ఇంకో వాదన ఉంది. అసలు దెబ్బ తల్లి కడుపులో ఉన్నప్పుడే పడుతుందని. 2001లో డెన్మార్క్ డాక్టర్ స్కాకెబేక్ చెప్పాడు: కడుపులో ఉన్న తొలి నెలల్లో మగ హార్మోన్లకు అడ్డు తగిలితే వృషణాలు కిందికి దిగకపోవడం, పెద్దయ్యాక కౌంట్ తక్కువ, వృషణ క్యాన్సర్, ఇవన్నీ ఒకే మూలం నుంచి రావచ్చని. నీకు చిన్నప్పుడు వృషణం దిగలేదని ఆపరేషన్ ఏమైనా చేశారేమో ఇంట్లో అడుగు, డాక్టర్ తప్పకుండా అడుగుతాడు.

ఎరువుల_షాపు
బాగుంది. ఇప్పుడు కోడలి మీదున్న తప్పు అత్త మీదికి మార్చిన్రు.

మానుకోట_అక్క
నేనూ అదే అనబోయిన. అయితే ఒక్క మాట. నాలుగో నెల, ఐదో నెల కడుపుతో ఉన్న ఆడోళ్లు మందు కొట్టిన మర్నాడే చేనులో కలుపు తీస్తరు, పత్తి ఏరుతరు. వాళ్ల మీద తప్పెట్లా వేస్తరు? మందు కొట్టినంక ఇన్ని రోజులు చేనులోకి దిగొద్దని ఏ సీసా మీద తెలుగులో మనిషి చదివేంత అక్షరాల్లో ఉందో చెప్పున్రి షాపాయనా.

ఎరువుల_షాపు
అక్షరాలు చిన్నవే, నిజం. భూతద్దం కావాలె.

రిటైర్డ్_ఏవో
అక్షరాలు చదవలేకపోయినా త్రికోణం రంగు చూడమని రైతులకు చెప్పేవాణ్ణి. ఎరుపు అన్నింటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివరికి ఆకుపచ్చ. కానీ అది ఒక్కసారి ఒంట్లోకి పోతే ప్రాణం తీస్తుందా అనే లెక్కకు పెట్టిన రంగు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం తగిలితే హార్మోన్లకు ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ఆకుపచ్చ ఉందని చేత్తో కలిపేవాళ్లను చూశాను.

మందు లేకుండా పంట రాదా అంటే జనగామ దగ్గర ఏనెబావి 2006లోనే రసాయనాలు వాడని ఊరుగా ప్రకటించుకుంది. అందరూ అలా మారిపోతారని అనను, పత్తి అంతా ఆ దారి పట్టలేదు కూడా.

సిరిసిల్ల_మగ్గం
ప్లాస్టిక్ మాటెత్తింది ఫార్మసీ తమ్ముడు ఒక్కడే, అదీ ఒక లైను. 2024లో అమెరికాలో న్యూ మెక్సికో వాళ్లు 23 మంది మనుషుల వృషణాలు, 47 కుక్కల వృషణాలు పరీక్ష చేస్తే అన్నింట్లోనూ మైక్రోప్లాస్టిక్ ఉంది, ఒక్కటి కూడా ఖాళీ లేదు. మనుషుల్లో కుక్కల కంటే దాదాపు మూడింతలు. ఇక మన దగ్గర మరిగే చాయ్ పలుచటి కవర్లో పోసి ముడేసి ఇస్తరు. పోనీ పేపర్ కప్పు మంచిదా అంటే దాని లోపల కూడా ప్లాస్టిక్ పొర. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చూస్తే వేడి నీళ్లు 15 నిమిషాలు పోసి ఉంచితే వంద మిల్లీలీటర్లలోకి పాతికవేల రేణువులు దిగినయి.

చాయ్‌బండి_కాజీపేట
నా పొట్ట మీద కొట్టిన్రు. నా బండి దగ్గర గాజు గ్లాసే, రాసిపెట్టుకోన్రి. కవర్ అడిగేది మీరే, పైగా ఇంకో కవర్ ఎక్స్‌ట్రా వెయ్ అంటరు.

నిట్_లెక్కలు
ఉందని చూపడం వేరు, హాని చేసిందని చూపడం వేరు. ఆ అధ్యయనంలో మనుషుల శాంపిళ్లు రసాయనాల్లో నిల్వ ఉంచినవి, వాటిలో కౌంట్ లెక్కపెట్టడం కుదరలేదు. కుక్కల్లో మాత్రం పీవీసీ ఎక్కువున్న చోట కౌంట్ తక్కువగా కనబడింది. అనుమానం పెరగాల్సిన విషయమే, తీర్పు చెప్పేంత కాదు.

సిరిసిల్ల_మగ్గం
తీర్పు వచ్చేదాకా కవర్లో చాయ్ తాగుదామా మరి?

నిట్_లెక్కలు
లేదు, నేనూ గ్లాసే అడుగుతా. గ్లాసుకు మారడానికి ఖర్చేముంది. పద్దెనిమిది వేల ప్యాకేజీకైతే రుజువు అడుగుతా.

జిమ్_సుబేదారి
ఒక డౌట్, నవ్వొద్దు. మా జిమ్‌లో కోచ్ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేసుకుంటే మగతనం పెరుగుద్దని చెప్తున్నడు. దాంతో కౌంట్ కూడా పెరుగుద్దా?

ల్యాబ్_హన్మకొండ
పెరగదు, పడిపోద్ది, సున్నా కూడా కావొచ్చు. బయట నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు, సరే ఇంక మనం పంపక్కర్లేదని వృషణానికి ఆర్డర్ ఆపేస్తది. వృషణం లోపల తయారీ బంద్. కండలు మస్తుగా ఉండి కౌంట్ సున్నా వచ్చిన పోరగాళ్ల శాంపిళ్లు ఈ మధ్య ఎక్కువే చూస్తున్న. ఆపితే చాలామందికి తిరిగి వస్తది కానీ నెలలు పడుతది, కొందరికి ఏడాది దాటుతది. మొత్తం థ్రెడ్‌లో ఉన్న విషాలన్నింటికంటే ఇదే ఖాయంగా కొట్టేది.

జిమ్_సుబేదారి
వామ్మో. థ్యాంక్స్ అన్నా.

జగిత్యాల_టు_దుబాయ్
మా బాధ వేరే. ఎండలో కడ్డీలు కట్టే పని, 45 డిగ్రీలు. వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలంటరు, మాకు రూంలో ఏసీ తప్ప బయట నిప్పే. అందుకే పిల్లలు కాలేదని నేననుకున్న. ఇక్కడి డాక్టర్ నవ్వి, నువ్వు రెండేళ్లకోసారి నెలన్నర సెలవు మీద ఇంటికి పోతవ్, ఆమెకు నెలలో అవకాశం ఉండే రోజులు ఐదారు, లెక్క నువ్వే వేసుకో అన్నడు. కౌంట్ చూస్తే బ్రహ్మాండం. మా ఊళ్లో నా భార్యను ఎన్ని మాటలన్నరో.

మానుకోట_అక్క
నీ సెలవు తేదీలు ఆమె నెల లెక్కతో చూసుకొని పెట్టుకో తమ్మీ. పండుగకు కాదు.

బొగ్గుబాయి_గోదారిఖని
పండుగకు రాకపోతే మటన్ ఎవరు తెస్తరక్కా.

ల్యాబ్_హన్మకొండ
పత్తి తమ్ముడూ, ఈలోపు చేయాల్సింది ఒకటుంది, మూడు నెలలు ఆగక్కర్లేదు. యూరాలజిస్ట్‌కు చూపించుకో. నిలబెట్టి చేత్తో చూస్తే వేరికోసిల్ తెలుస్తది, అవసరమైతే స్కానింగ్ రాస్తడు. మామూలు మగవాళ్లలోనే వందకు పదిహేను మందికి ఉంటది, పిల్లలు కానివాళ్లలో ముప్పై ఐదు నుంచి నలభై. బాగుచేయగలిగిన కారణాల్లో అన్నింటికన్నా ఎక్కువ కనబడేది ఇదే. మందుల మీద అనుమానంతో ఇంటర్నెట్‌లో కూర్చుంటే ఇది దొరకదు. సిగరెట్, గుట్కా ఉంటే ఇవాళే మానెయ్, వాటిలో కాడ్మియం, సీసం రెండూ ఉంటయి.

పరకాల_పత్తి
గుట్కా లేదు. సిగరెట్ ఉంది, రోజుకు ఐదారు. యూరాలజిస్ట్‌ను కలిసిన. లోపలికి పోవడానికి సిగ్గేసింది కానీ మా ఆమె కూడా వచ్చింది. ఎడమ పక్క వేరికోసిల్ ఉంది, మరీ పెద్దది కాదు అన్నడు. సంక్రాంతి తర్వాత మళ్లీ పరీక్ష, ల్యాబులోనే ఇవ్వాలె, అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం అన్నడు. మందు కొట్టిన సంగతి చెప్తే రాసుకున్నడు, అది కారణం కావచ్చు కాకపోవచ్చు, ఇప్పుడు వెనక్కి తీసుకోలేం, ఇంక కొట్టకు అన్నడు. ప్యాకేజీవాడు ఇంకో నంబర్ నుంచి చేసిండు, పన్నెండు వేలకు దిగిండు.

చాయ్‌బండి_కాజీపేట
సంక్రాంతికల్లా ఆరు వేలకు వస్తడు చూడు.

పరకాల_పత్తి
ఒకటి అడగాలె. బాపు ఇంకా కొడుతున్నడు, నా తమ్ముడు కూడా. తమ్మునికి వచ్చే ఎండాకాలం పెళ్లి. మానెయ్యమంటే మానెయ్యరు, తామర పురుగు మిర్చిని నాశనం చేసినప్పటి నుంచి వారానికోసారి కొడుతున్నరు. కనీసం ఏం చేయించాలె?

రిటైర్డ్_ఏవో
కారే పంపు వాషర్ మార్పించండి, అది అన్నింటికన్నా ముందు. మోకాళ్ల కింది దాకా వచ్చే రబ్బరు ఆప్రాన్ ముందు కట్టుకోవాలి. పత్తి నడుము ఎత్తు వచ్చాక తడిసేది ముందువైపే. నిండు ప్యాంటు, బూట్లు. కలిపేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి, నీళ్లు కలపని చిక్కటి మందు చేతికి తగలడమే పెద్ద ప్రమాదం. గ్లవ్స్ విప్పే ముందు, అవి చేతికి ఉండగానే, సబ్బుతో కడగాలి, లేకపోతే విప్పేటప్పుడు అదంతా చేతికే అంటుతుంది. గాలికి ఎదురు కొట్టొద్దు. ఇంటికి రాగానే స్నానం, ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. అవి ఉతికేది కూడా మీ అమ్మేనేమో, ఆమెకూ గ్లవ్స్ ఇవ్వండి. మోనో పాత సీసాలు ఇంట్లో ఉంటే వాడొద్దు, 2023లో దానికి నిషేధం ఉత్తర్వులు వచ్చాయి.

నర్సంపేట_మిర్చి
సార్, ఏప్రిల్ ఎండలో రబ్బరు ఆప్రాన్ కట్టుకొని కొట్టి చూడున్రి ఒకసారి.

రిటైర్డ్_ఏవో
అందుకే పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపమంటాను. ఎండలో మందు ఆవిరైపోయి పురుగు కూడా చావదు.

ఎరువుల_షాపు
పోయినేడు కంపెనీవాళ్లు ఇచ్చిన కిట్లు నా షాపులో పైన అటక మీద ఉన్నయి. గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు. ఫ్రీగా ఇస్తమన్నా ఒక్కడు తీసుకోలే, ఒకడైతే కళ్లద్దాలు మాత్రం పెట్టుకొని పెండ్లికి పోయిండు. ఆప్రాన్లు లేవు, తెప్పిస్తా. పత్తి తమ్మీ, మీ తమ్మున్ని పంపు, మా షాపు పరకాల రోడ్డు మీదనే.

నర్సంపేట_మిర్చి
నాకు రెండు జతలు పక్కకు పెట్టన్నా, పెద్ద సైజు.

ఎరువుల_షాపు
పెద్దవి ఒక్కటే మిగిలింది. రెండోది మీడియం ఉంది, కావాలంటే చెప్పు.